32 అంగుళాల టైర్లు వేశాక బెల్టు కాలిన వాసన: సమాధానం

మీ ఆఫ్‌రోడ్ బండి పొలారిస్ రేజర్ ఎక్స్‌పీ 1000కి 29 అంగుళాల టైర్లు తీసి 32 వేశారు. అమెరికాలోని మోయాబ్‌లో రాళ్లెక్కుతుంటే బెల్టు (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి పంపే రబ్బరు పట్టీ) కాలిన వాసన వస్తోందని, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు రాసుకుంటోందని అన్నారు.

ముందు బెల్టు సంగతి చూడండి, అదే ప్రమాదం. టైరు పెద్దదైతే గేరింగ్ పది శాతం బరువెక్కినట్టే. పైగా టైరే బరువు. నెమ్మదిగా ఎక్కేటప్పుడు బెల్టు పుల్లీల మధ్య జారి వేడెక్కుతుంది. రాళ్ల మీద, ఎత్తుల మీద తప్పకుండా లో గేరులోనే నడపండి. హై గేరులో పాకించడమే చాలా బెల్టుల్ని చంపేస్తుంది. తర్వాత ఆ టైరు సైజుకి తగిన క్లచ్ కిట్ వేయించండి, అంటే వెయిట్లు, స్ప్రింగులు. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి. ఇప్పుడున్న బెల్టు మెరుస్తున్నా, అంచులు చిరిగినా మార్చేయండి, ఒకటి స్పేర్ పెట్టుకోండి.

టైరు రాసుకోవడానికి చాలాసార్లు రిమ్ము ఆఫ్‌సెట్టే, అంటే చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుందన్నదే, కారణం. చక్రం బయటికి జరిగిన కొద్దీ తిరిగేటప్పుడు పెద్ద వలయం గీస్తుంది. షాక్ విప్పి, సస్పెన్షన్ పూర్తిగా పైకి లేపి, స్టీరింగ్ రెండువైపులా తిప్పి చూస్తే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ప్లాస్టిక్‌కే అయితే కొద్దిగా కోయొచ్చు, సస్పెన్షన్ ఆర్మ్‌కి తగిలితే రిమ్ము ఆఫ్‌సెట్ మార్చాలి, లేదా టైరు సైజు తగ్గించాలి.

టైరు పెద్దదైంది కాబట్టి స్పీడోమీటర్ 40 చూపిస్తే అసలు వేగం 44 అని గుర్తుంచుకోండి.