చట్టం కాపీ చదివావా?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. కోపం ఉంది, ఉండాల్సిందే. కానీ ట్రాన్స్‌జెండర్ల చట్టం మీద నాలుగు పేజీలు రాసి, చట్టంలోని మాట ఒక్కటీ చూపించలేదేం?

2014 ఏప్రిల్ 15 దగ్గర మొదలుపెట్టు. తన జెండర్ ఏమిటో చెప్పాల్సింది ఆ మనిషే, ఆపరేషన్ చేయించుకోమని పట్టుబట్టడం చెల్లదు అని నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు అంది. రెండేళ్ళకి వచ్చిన బిల్లు, ఎవరు ట్రాన్స్‌జెండరో తేల్చడానికి జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ వేసి డాక్టర్ని కూర్చోబెట్టింది. జనం రోడ్డెక్కారు. 2019లో చట్టం అయ్యేసరికి కమిటీ పోయి, సర్టిఫికెట్ ఇచ్చే పని కలెక్టర్‌కి వచ్చింది. అందులో 4వ సెక్షన్, నువ్వెవరో నువ్వే చెప్పుకోవడం నీ హక్కు అంది. కానీ సర్టిఫికెట్‌లో 'ట్రాన్స్‌జెండర్' కాదు, 'స్త్రీ' అనే రాయమంటే, ఆపరేషన్ అయినట్టు ఆస్పత్రి కాగితం తెమ్మని 7వ సెక్షన్ అంది. 2019 నాటి చట్టంలో గొడవంతా ఈ నాలుక్కీ ఏడుకీ మధ్య. నువ్వు ఊరంతా తిరిగావు గానీ ఆ గుమ్మం తొక్కలేదు.

దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయని భయపడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వాదనని, వాళ్ళు చదివి 'ఔను, మేమన్నది ఇదే' అనుకునేలా రాయి. జవాబు ఆ తర్వాత.

చాలా ఏళ్ళ కిందట ఒక స్నేహితురాలికి తోడుగా ఓ ఆఫీసుకి వెళ్ళాను. ప్లాస్టిక్ కవర్లో టెన్త్ మెమో, ఆధార్, అఫిడవిట్. గుమస్తా కాగితాలు తిరగేసి, తలెత్తకుండా, "ఈ అబ్బాయేడీ?" అన్నాడు, క్యూ అంతటికీ వినబడేలా. ఆవిడ చెయ్యెత్తింది, క్లాసులో హాజరు పలికినట్టు. దాని మీద నేను రాసిన వ్యాసంలో ఆ చెయ్యి లేదు. మానవత్వం, సమాజం అంటూ మూడు పేరాలు ఉన్నాయి. పైగా వేసిన పత్రికవాళ్ళు 'ఆమె'ని 'అతడు' చేశారు. ప్రూఫు చూసుకోకపోవడం నా తప్పే.

అందరినీ హిజ్రా అనే మాటతో కట్టేయకు. 2019 చట్టం కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్తా అని విడివిడిగా రాసింది. బోనాల్లో మనం చూసే శివసతి పేరు అందులో లేదు. ఇక ట్రాన్స్ పురుషులు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా తాము మగవాళ్ళమని చెప్పేవాళ్ళు, నీ వ్యాసంలో ఎక్కడా లేరు.

ఇంకోటి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి ఫసలీ 1329 చట్టం ఊసే ఎత్తలేదు నువ్వు. నిజాం కాలంది, అప్పటి ఫసలీ లెక్కలో 1329 అంటే మన 1919. హిజ్రాల్లో అనుమానం వచ్చినవాళ్ళ పేర్లకి రిజిస్టరు. అందులో పేరున్నవాళ్ళు ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నల్సా తీర్పు వచ్చాక కూడా తొమ్మిదేళ్ళు బతికిందన్నమాట. ఒకప్పుడు రిజిస్టర్లో పేరెక్కితే జైలు అన్న ఊళ్ళోనే, ఇప్పుడు పేరు రాయించుకుని సర్టిఫికెట్ తీసుకోమంటే ఎలా ఉంటుందో, ట్రాన్స్‌జెండర్లలో పెద్దవాళ్ళెవరినైనా అడుగు. తొందరపడకు, టీ తాగుతూ అడుగు.

తిరగరాసే ముందు హైకోర్టు తీర్పు చదువు. ఇంగ్లిష్‌లో ఉంది, పొడుగ్గా ఉంది. అయినా చదువు.

అన్న