లెక్కలో లాభం ఉంది, గల్లాలో పైసల్లేవు అన్నవారికి

అన్నా, ఏనుమాముల మార్కెట్ దగ్గర మీ ఎరువుల షాపుకు ఈ సీజన్‌లో లాభమొచ్చిందని అకౌంటెంట్ చెప్పినా గల్లాలో పైసల్లేవని, పనిపిల్లలేమైనా తీస్తున్నారేమోనని టెన్షన్ పడుతున్నారు. వాళ్లను అనుమానించే ముందు దయచేసి ఉద్దెర (అరువు) ఖాతా తెరిచి చూడండి.

80,000కు కొన్న సరుకు లక్షకు అమ్మారనుకుందాం. లాభం 20,000. డీలర్‌కు 80,000 కట్టేశారు. రైతులు ఇప్పుడిచ్చింది 50,000 మాత్రమే, మిగతాది పత్తి అమ్మాకే. అంటే కాగితం మీద 20,000 లాభం, చేతిలో 30,000 లోటు! రెండూ నిజమే. అకౌంటెంట్ అమ్మిన రోజే లాభం రాస్తాడు, వసూలైన రోజు కాదు.

గోడౌన్‌లో మిగిలిన సరుకూ అంతే, పైసలు కట్టేసినా అమ్ముడుపోయేదాకా ఖర్చులోకి రాదు. లోన్ కిస్తీలో వడ్డీయే ఖర్చు. అసలు కట్టినా లాభం తగ్గదు, డబ్బు మాత్రం పోతుంది. ఇంటికని గల్లాలోంచి తీసేదీ షాపు ఖర్చు కాదు. చాలామంది అది రాయనే రాయరు, అందుకే లెక్క కుదరదు. ఈ రోజు నుంచే రాయండి.

బాకీలను 30 రోజుల లోపువి, 30 నుంచి 90 రోజులవి, 90 రోజులు దాటినవి అని విడదీయండి. పాత బాకీలున్నవాళ్లకు పత్తి పైసలు అందిన వారంలోనే ఫోన్ చేయండి, ఆ తర్వాత అవి పిల్లల ఫీజులకు పోతాయి.