రొట్టెతో కాచిన పులుపు ఏల్: తరవాణి తాగి పెరిగినవాడి జవాబు

మీరు మూడు సంగతులు అడిగారు. రొట్టె, పండ్లు వేసి కాచిన పులుపు క్వాస్ ఏల్ ఎలా ఉంటుంది, ఆ పులుపు ఉద్దేశించి తెచ్చినదా లేక బీరు చెడిపోతే వచ్చినదా, విశాఖపట్నంలో ఉంటూ అలాంటి రుచిని ఎరగడానికి దారి ఏదైనా ఉందా అని. క్వాస్ అంటే రష్యన్లు రొట్టె నానిన నీటిని పులియబెట్టి చేసే పానీయం, ఏల్ ఒక రకం బీరు. నేను క్వాస్‌ను 1987లో సోవియట్ యూనియన్‌లోనూ, క్వాస్ ఏల్‌ను గత వేసవిలో ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి డాబా మీదా తాగాను. రెండింటి మధ్య చాలా ఏళ్ల దూరం ఉన్నా, మొదటి రుచి మరిచిపోలేదు కనుక ధైర్యం చేసి రాస్తున్నాను.

ముందుగా పేరు. రష్యన్‌లో క్వాస్ అన్న మాట పులియడానికీ పులుపుకీ సంబంధించిన ధాతువు నుంచి వచ్చింది. మన భాషలోనూ పులియడం, పులుపు ఒకే ఇంటి మాటలు. మామూలు బీరు తాగే అలవాటుతో ఈ ఏల్ దగ్గరకు వెళ్లినవారు మొదటి గుక్కకే మొహం చిట్లిస్తారు. తరవాణి, అంటే గంజిని పులియబెట్టి తేర్చిన పుల్లని నీరు, తాగి పెరిగినవారికి మాత్రం అది ఎక్కడో తెలిసిన రుచిలాగే తోస్తుంది. అందుకే దీనిని బీరుతో కాక తరవాణితో పోల్చి చూడమని నా సలహా.

ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కడుతున్న రోజుల్లో శిక్షణ కోసం సోవియట్ యూనియన్‌కు వెళ్లిన ఇంజనీర్లలో నేనొకడిని. ఎండాకాలంలో వీధి మూలల్లో చక్రాల మీద పసుపుపచ్చని పెద్ద పీపాలు నిలిపి, ఒక పెద్దావిడ పక్కన కూర్చొని క్వాస్ అమ్మేది. చిన్న గ్లాసు 3 కోపెక్కులు (కోపెక్కు అంటే రూబుల్‌లో నూరో వంతు), పెద్ద గ్లాసు 6 కోపెక్కులు. తాగిన గ్లాసును అక్కడే నీటి చిమ్ము మీద బోర్లించి, కడిగి, వెనకాలవారికి అందించేవారు. చూడటానికి పాలు లేని టీ రంగు, వాసనకు కొద్దిగా మాడిన రొట్టె అంచు, నోట్లో ముందు తీపి, ఆ వెనకే పులుపు. మద్యం ఒక శాతానికి అటూ ఇటూ మాత్రమే ఉంటుంది కనుక చిన్నపిల్లలు కూడా వరుసలో నిలబడి తాగేవారు. ఆ దేశం నుంచి మనకు 1969 నాటి కురుసుర జలాంతర్గామి వచ్చి ఇప్పుడు ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా నిలిచి ఉంది, ఉక్కు కర్మాగారం నడిపే విద్య వచ్చింది, క్వాస్ మాత్రం ఎందుకో రాలేదు.

రాకపోవడానికి మనకు దాని అవసరం లేకపోవడమే కారణమేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. మా నాయనమ్మ ఇంట్లో అటక కింద చల్లని మూలలో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజిలో కాస్త అన్నం, ఉప్పు, నిమ్మాకులు వేసి మూత పెడితే, రెండు మూడు రోజులకు పైన తేట నీరు పుల్లగా తేరేది. వాడిన కొద్దీ కొత్త గంజి పోస్తూ ఆ కుండను నెలల తరబడి నడిపించేవారు. తరవాణిలో బియ్యపు గంజి, క్వాస్‌లో రై అనే చలిదేశపు ధాన్యంతో చేసిన రొట్టె ముక్కలు నానిన నీరు. రెండింటిలోనూ పులుపు తెచ్చేది ప్రధానంగా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాయే. క్వాస్‌లో దానికి తోడుగా ఈస్ట్ కూడా పనిచేస్తుంది కాబట్టి బుడగలు, కొద్దిపాటి మద్యం అదనంగా వస్తాయి.

ఇక మీరు అడిగిన ఏల్ సంగతి. దీనిని వీధి క్వాస్‌కు గట్టి రూపంగా భావిస్తే సగమే నిజం, ఎందుకంటే తయారీ పద్ధతి బీరుది. రొట్టెలో పిండిపదార్థం ఉన్నా, దానిని చక్కెరగా మార్చే ఎంజైములు పొయ్యి వేడికి ఎప్పుడో నశించి ఉంటాయి. అందువల్ల ఎండబెట్టి కాల్చిన రొట్టె ముక్కలను మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో, అంటే మాల్టుతో కలిపి, సుమారు 65 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు నానబెడతారు. మాల్టులోని ఎంజైములు రొట్టె పిండిని కూడా చక్కెరగా మారుస్తాయి. రొట్టెకు పొట్టు ఉండదు, రై పిండికి జిగురు ఎక్కువ, కనుక వడపోత మొరాయిస్తుందని ఈ పని చేసేవారు చెబుతారు. నోటికి మాత్రం ఆ జిగురే మేలు చేస్తుంది. పలుచని పులుపు నీరుగా కాక, నాలుకను పట్టి ఉండే నునుపు దానివల్లే వస్తుంది. ఇంకొక చిన్న సంగతి ఏమిటంటే, రొట్టెలో వేసిన ఉప్పు కూడా ఏల్‌లోకి దిగుతుంది. అది విడిగా తెలియదు గానీ, పులుపును కాస్త గుండ్రంగా చేస్తుంది. మజ్జిగలో చిటికెడు ఉప్పు చేసే పని అది.

పండ్ల విషయంలో చాలామంది పొరపాటు పడతారు. పండు వేశారంటే తియ్యగా ఉంటుందని అనుకుంటారు. మొదటి పులియబెట్టడం అయ్యాక పండ్లు వేస్తే, వాటి చక్కెరను ఈస్ట్ దాదాపు పూర్తిగా తినేస్తుంది. మిగిలేది పండు పులుపు, వగరు, వాసన, రంగు. జ్యూస్ కలిపిన పానీయాన్ని ఆశించి తాగేవారికి నిరాశ తప్పదు.

మా అల్లుడు అమెరికా నుంచి వస్తూ తెచ్చినవి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. (విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు కనుక లెక్క సరిపోయింది.) చీటీ మీద రై రొట్టె, పుల్ల చెర్రీ పండ్లు, 5 శాతం మద్యం అని ఉంది. మొదటి సీసాను మేము తప్పుగా తాగాం. మే నెల ఉక్కపోతలో చల్లదనం మీద ఉన్న ఆశకొద్దీ గడ్డకట్టేంత చల్లగా చేసి గ్లాసుల్లో పోశాం. పులుపు తప్ప ఇంకేమీ తెలియలేదు. పక్కింటి మిత్రుడు ఒక గుక్క తాగి, ఇది ఉసిరికాయ నానబెట్టిన సోడా అని తేల్చేశాడు. నేను నా గ్లాసును పక్కన పెట్టి పావుగంట ఆగాను. సుమారు 10, 12 డిగ్రీలకు వచ్చాక అదే గ్లాసులో వేరే పానీయం ఉన్నట్టు అయింది. ముందుగా కాలిన రొట్టె పైచెక్క వాసన, దాని వెనక చెర్రీ, చెర్రీ గింజ నుంచి వచ్చే బాదం వాసన కొద్దిగా. రంగు మన నేరేడు పండు కడిగిన నీటి ఎరుపు. పులుపు చింతపండులా పళ్లు జివ్వుమనిపించే రకం కాదు, నిమ్మకాయలా పైకి లేచే రకమూ కాదు. నాలుక పక్కల మెల్లగా మొదలై, మింగిన తరువాత కూడా కాసేపు ఉండే పాల పులుపు. చేదు దాదాపు లేదు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు ఎక్కువైతే పులుపు తెచ్చే బాక్టీరియా సరిగా ఎదగదు కనుక ఇలాంటి ఏల్‌లో వాటిని నామమాత్రంగానే వేస్తారు.

చెడిపోయిన బీరును ఎలా గుర్తుపట్టాలన్న మీ సందేహం న్యాయమైనదే, ఎందుకంటే రెండూ పులుపే. నేను ముక్కును నమ్ముతాను. లాక్టిక్ పులుపుకు ఘాటైన వాసన ఉండదు. గ్లాసు దగ్గర పెట్టుకుంటే పెరుగు, పండు, రొట్టె తగులుతాయి. వెనిగర్ వాసన ముక్కుకు గుచ్చుకుంటూ, మింగినప్పుడు గొంతు వెనక మంట పుడితే, గాలి తగిలి ఎసిటిక్ ఆమ్లం తయారైందని అర్థం. లేశమాత్రంగా ఉంటే కొందరు దానిని ఇష్టపడతారు, నేను ఇష్టపడను. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన గానీ, బాగా ఉడికిన క్యాబేజీ వాసన గానీ వస్తే మాత్రం ఆ సీసాను సింకులో పారబోయడం మేలు. మబ్బుగా ఉండటం, అడుగున తెల్లని మడ్డి చేరడం దోషం కాదు. అది ఈస్ట్, రొట్టె నలుసులు మాత్రమే.

తోడుగా ఏం తినాలో మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఆ సాయంత్రం ఆవకాయ కలిపిన పెరుగన్నం పెట్టుకున్నవారు పులుపు మీద పులుపు పడి ఏల్‌ను నిందించారు. వేయించిన నెత్తళ్లతో తాగినవారు రెండో గ్లాసు అడిగారు. నూనె, ఉప్పు, కరకర ఉన్న దేనితోనైనా ఇది కుదురుతుంది. బీచ్ నుంచి పొట్లం కట్టించి తెచ్చిన ముంత కింద పప్పు కూడా నిమ్మరసం లేకుండా తింటే బాగానే కుదిరింది.

విశాఖలో ఈ ఏల్‌ను ఇంట్లో కాచే ఆలోచన పెట్టుకోవద్దు. లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం అబ్కారీ చట్టం ప్రకారం నేరం. దాని రుచి స్వభావాన్ని తెలుసుకోవడానికి పిల్లలు తాగే తరహా పలుచని క్వాస్ చాలు. నేను చేసే పద్ధతి ఇది. పావు కిలో ముడిగోధుమ రొట్టెను ముక్కలు చేసి, ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కాల్చి, మూడు లీటర్ల మరిగే నీరు పోసి, చల్లారాక వడగడతాను. రై పిండి ఇక్కడ సులభంగా దొరకదు కనుక రెండు చెంచాల చోడి (రాగి) పిండిని దోరగా వేయించి రొట్టెతో పాటే నానబెడతాను. రై రుచి రాదు గానీ రంగు, మట్టి వాసన లాంటి ఒక గుణం వస్తాయి. నాలుగు ధనియాలు నలిపి వేస్తే మంచిది. రష్యన్ల బొరదీన్‌స్కీ రొట్టెలో ధనియాలే ఉంటాయి, ఆ వాసన తగిలినప్పుడు మనకు చారు గుర్తుకు రావడం సహజం. వడగట్టిన నీటిలో 100 గ్రాముల పంచదార, పావు చెంచా ఎండు ఈస్ట్, గుప్పెడు ఎండుద్రాక్ష వేసి, గుడ్డ కట్టి ఉంచుతాను. ద్రాక్షకు బుడగలు అంటుకొని పైకి తేలితే సీసాల్లోకి మార్చే సమయం వచ్చినట్టు. జూన్‌లో నేరేడు పండ్లు వేసి చూశాను. వాటి వగరు చెర్రీ వగరుకు దగ్గరగా ఉంది.

చల్లని దేశాల వంటకాల్లో రెండు మూడు రోజులని రాసి ఉంటే, మన మే నెలలో ఒక రాత్రి చాలు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. గాజు సీసాలో బిగించి వంటింటి గట్టు మీద రెండు రోజులు మరిచిపోతే, తెల్లవారుజామున అది పేలిన శబ్దానికి ఇల్లంతా లేచింది, గోడ మీద మరక ఇప్పటికీ ఉంది. నా భార్య ఆ గోడకు రంగు వేయించనివ్వలేదు, నాకు గుర్తుండాలట. అప్పటినుంచి ప్లాస్టిక్ సీసాలే వాడుతున్నాను. సీసా వేలితో నొక్కితే గట్టిగా తగిలిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో తాగేస్తాం.

అల్లుడు తెచ్చిన రెండో సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచి మూడు నెలల తరువాత తెరిచాం. సీసాలో ఈస్ట్, బాక్టీరియా బతికే ఉన్నట్టున్నాయి, పులుపు ఒక మెట్టు పెరిగింది, బాదం వాసన దాదాపు పోయింది, రొట్టె వాసన మాత్రం అలాగే నిలిచింది. మీకు ఎవరైనా తెచ్చిపెడితే దాచిపెట్టకుండా, మొదటి నెలలోనే, మరీ చల్లగా కాకుండా తెరవండి. తెరిచేటప్పుడు సింకు దగ్గర నిలబడండి.