పాప సమ్మర్ రీసెర్చ్‌కి సుకన్య డబ్బు తీయాలా?

ప్రశ్న: మాది గాజువాక. పాప ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఈ వేసవిలో అమెరికా యూనివర్సిటీ ప్రొఫెసర్ల దగ్గర ఆన్‌లైన్‌లో పది వారాల రీసెర్చ్ మెంటరింగ్, చివర్లో పేపరు, సర్టిఫికెట్ అంటున్నారు. ఫీజు 2 లక్షల 80 వేలు, వాళ్ళ బ్రోషర్ కాపీ పంపుతున్నాను. 2015లో పాప పేరున తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాలోంచి తీయొచ్చా, లేక క్రెడిట్ కార్డుతో కట్టేద్దామా? బాబు ఎనిమిదో తరగతి, రేపు వాడికీ ఇంత ఖర్చవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సుకన్య జోలికి వెళ్ళకండి. పాప పదో తరగతి పాసైంది కాబట్టి చదువు కోసం, కిందటి ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం దాకా తీసుకునే వీలుంది, నిజమే. కానీ దానికి అడ్మిషన్ కాగితమో ఫీజు స్లిప్పో చూపించాలి, ఒక మెంటరింగ్ కంపెనీ పంపే బిల్లుని పోస్టాఫీసు వాళ్ళు ఒప్పుకుంటారని నేననుకోను. ఒప్పుకున్నా నేను వద్దనే అంటాను. 8.2 శాతం వడ్డీ ఇలాగే కొనసాగితే ఈ 2 లక్షల 80 వేలు పదేళ్ళలో 6 లక్షలు దాటుతాయి, దానిమీద పన్ను కూడా లేదు.

ఇప్పుడు ఆ బ్రోషర్ మళ్ళీ తీసి, మెంటర్ మీ పాపతో వారానికి ఎంతసేపు మాట్లాడతారో చూడండి. మీరు పంపిన కాపీలో వారానికి ఒక గంట అని ఉంది. అంటే మొత్తం పది గంటలు, గంటకి 28 వేలు! ఇంకో పేజీలో మెంటర్లు ‘ఆ యూనివర్సిటీకి చెందినవారు’ అని రాశారు. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు కూడా ఆ యూనివర్సిటీకి చెందినవాడే కదా. డబ్బు ఎవరి పేరున ఉన్న ఖాతాకి వెళ్తోంది? యూనివర్సిటీ పేరు కాకుండా ఏదో కంపెనీ పేరుంటే అది యూనివర్సిటీ ప్రోగ్రామ్ కాదు, అంతే. గట్టి పోటీ ఉండే మంచి ప్రోగ్రాముల్లో కొన్ని అసలు ఫీజే తీసుకోవు. 1984లో మొదలై ఇప్పుడు అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎంపికైన పిల్లలకి చదువు, బస, భోజనం అన్నీ ఉచితం.

క్రెడిట్ కార్డుతో కడదామని కూడా రాశారు. 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ చెల్లింపుల మీద బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) ఉన్న కార్డయితే, దానిమీద 18 శాతం జీఎస్టీతో కలిపి ఇంకో పదకొండున్నర వేలు పోతాయి. పిల్లల ట్యూషన్ ఫీజుకి పాత పన్ను విధానంలో వచ్చే మినహాయింపు కూడా దీనికి రాదు, అది ఇక్కడి కాలేజీల్లో ఫుల్‌టైమ్ చదువుకి మాత్రమే.

అసలు పాప ఎక్కడ చదవాలనుకుంటోందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ముందు అది అడగండి. జేఈఈలోనో ఈఏపీసెట్‌లోనో ఈ పేపరు చూసి ఒక్క మార్కు కూడా కలపరు. అమెరికాలో డిగ్రీ చేయాలనుకుంటే అక్కడి నాలుగేళ్ళ ఖర్చు ముందు ఈ 2 లక్షల 80 వేలు విమానం టిక్కెట్లకీ వీసా ఖర్చులకీ పనికొస్తాయి, దాచిపెట్టండి.

పాపకి నిజంగానే రీసెర్చ్ మీద ఇష్టముంటే దాన్ని మాత్రం చల్లారనివ్వకండి, నాకు అది చాలా ముఖ్యం. మన విశాఖలోనే చూడండి, పోర్టు ఔటర్ హార్బర్ కట్టాక ఇసుక కదలిక ఆగి ఆర్కే బీచ్ కోతకి గురవుతోంది, డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోస్తున్నారు. అంకెలు గీసిన రెండు కర్రలు, మధ్యలో ఒక తాడు, ఎదురుగా సముద్రం ఆకాశం కలిసే గీత. వీటితోనే ఒడ్డు వాలు ఎంత మారిందో ప్రతి వారం, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, మీరు పక్కనుండగా కొలిచి రాసుకోవచ్చు. ఆ లెక్కలతో ఒక పేజీ రాసి ఆంధ్రా యూనివర్సిటీ మెటియోరాలజీ, ఓషనోగ్రఫీ శాఖలోనో, మన ఊళ్ళోనే ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలోనో ఒకరిని కలవమనండి. ఒకరు కాదంటే ఇంకొకరు. ఉత్త చేతులతో వెళ్ళి సర్టిఫికెట్ అడిగే పిల్లకీ, తను కొలిచిన లెక్కలు చూపించే పిల్లకీ చాలా తేడా ఉంటుంది. దీనికోసం ఒక ముప్ఫై వేలు, అదీ మీ జీతంలోంచే, పక్కన పెట్టండి.

బాబు గురించి టెన్షన్ వద్దు. తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువిక ఉంది, వేసవిలో రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో నేర్పిస్తారు, ప్రయాణం, బస ఖర్చు వాళ్ళదే. వాడు తొమ్మిదిలోకి వచ్చాక ఇస్రో వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. క్విజ్‌లు, ఒలింపియాడ్‌ల సర్టిఫికెట్లు ఉంటే ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టండి, ఎంపికలో వాటికీ మార్కులుంటాయి.