‘క్రమంగా’ అనే మాట దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నల్లమందు వ్యాపారం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రమ కనబడుతోంది. కానీ, ‘1912 హేగ్ ఒప్పందంతో ప్రపంచం మేల్కొంది’ అన్న వాక్యం నాకు మింగుడుపడలేదు. నల్లమందు కట్టడికి దేశాలు కుదుర్చుకున్న ఆ ఒప్పందం తెరిచి ఆరో అధికరణం చదువు. పీల్చడానికి తయారుచేసే నల్లమందును ‘క్రమంగా’ అణచివేయాలని ఉంది. ఎప్పటిలోగా అన్నది లేదు. పైగా, ఆయా దేశాల పరిస్థితులను దృష్టిలో పెట్టుకునేనట.

ఆ ఒక్క మాట చాటున ఎన్నేళ్లు గడిచాయో లెక్కపెట్టు. సింగపూర్, పినాంగ్ ఉన్న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ అనే బ్రిటిష్ వలస రాజ్యంలో ఆ రోజుల్లో సర్కారు రాబడిలో దాదాపు సగం నల్లమందుదే. 1910లో ప్రభుత్వమే ఆ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుంది. తూర్పున ఉన్న తన వలస రాజ్యాల్లో నల్లమందు పీల్చడాన్ని పూర్తిగా నిషేధిస్తామని బ్రిటన్ ప్రకటించింది 1943 నవంబరులో. అప్పటికి మలయా, సింగపూర్, హాంకాంగ్ జపాన్ చేతిలో ఉన్నాయి! తమ చేతిలో లేని దుకాణాలకు తాళం వేస్తామన్నారు. నీ వ్యాసంలో ఈ సంగతే లేదు, నాకు బాధ కలిగింది.

అలాగని ఒప్పందాలన్నీ బూటకమనీ రాయకు, అది అన్యాయం. చైనాతో బ్రిటన్‌కు 1907లో కుదిరిన ఏర్పాటు చూడు. భారత్ నుంచి వెళ్లే సరుకు ఏటా పదో వంతు తగ్గాలన్నారు. 1913లో చైనాకు అమ్మకాలు ఆగిపోయాయి. అక్కడ అంకె ఉంది, హేగ్‌లో లేదు. నీ వ్యాసానికి వెన్నెముక ఈ తేడాయే.

ఇంకో లోటు చెబుతాను. ఇన్ని పేజీల్లో రైతు ఒక్కసారీ కనబడలేదు. బ్రిటిష్ సర్కారు నడిపిన గాజీపూర్ నల్లమందు కార్ఖానాకు సరుకు పండించిన మనిషి ముందుగా బయానా తీసుకుని, సర్కారు పెట్టిన ధరకే, సర్కారుకే అమ్మాలి. సాయంత్రం గసగసాల కాయ మీద గాట్లు పెట్టి, రాత్రంతా ఊరిన పాలను తెల్లవారుజామున గీకి తీయాలి. రాలిన పూరేకులు కూడా వృథా కాలేదు. వాటిని పెనం మీద రొట్టెల్లా ఒత్తి కార్ఖానాకే ఇచ్చేవారు, నల్లమందు ముద్దల చుట్టూ పొరలు పొరలుగా చుట్టడానికి. పెట్టెకు నలభై ముద్దలు. ఆ పెట్టెలే కలకత్తా వేలానికి వెళ్లేవి.

సేరు నల్లమందుకు ఆ రైతు చేతికి ఎంత ముట్టిందో, అదే సరుకు కలకత్తాలో ఎంత పలికిందో వెతుకు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, మొదటి పేజీ తిరగరాసి పంపు. ఎదురు చూస్తుంటాను.