తిరుపతిలో నిరాశ్రయ మహిళల ఆశ్రయంలో ఎక్కువ కాలం వాలంటీరుగా చేయాలంటే ఏం తెలిసుండాలి?

వారానికి రెండు గంటలు చాలు, కానీ ఏడాదిపాటు మానకుండా వెళ్లాలి. పుట్టినరోజుకి కేకు తెచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లకి మన ఊళ్లో కొదవ లేదు. అన్నం పెట్టించే దాతలూ దొరుకుతారు, కొండ కింద ఊరు కదా! దొరకనిది, వచ్చే మంగళవారం కూడా వచ్చే మనిషే. తల్లులతో పాటు అక్కడ ఉండే పిల్లలు మొదటి నెలంతా మీరు మళ్లీ వస్తారా రారా అనే చూస్తారు.

అసలు పని ఎక్కువగా కాగితాలతోనే. ఆధార్‌లో అడ్రస్, బ్యాంకు ఖాతా, రుయా ఆసుపత్రిలో ఓపీ క్యూలో తోడు నిలబడటం. బడి సంగతైతే, వయసు రుజువు లేదని పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. హెడ్‌మాస్టరు దగ్గర ఆ మాట మర్యాదగా ఎత్తితే చాలాసార్లు పని అవుతుంది.

ఫొటోల విషయంలో మాత్రం జాగ్రత్త. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా లేదా రెండూ పడొచ్చు. వాట్సాప్ స్టేటస్ కూడా వద్దు.

రైల్వే స్టేషన్లో ఒంటరి బిడ్డ కనిపిస్తే నేరుగా ఆశ్రయానికి తీసుకురాకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. ఆడవాళ్లకైతే హెల్ప్‌లైన్ 181.

"మీ ఆయన ఏమయ్యాడమ్మా?" అని అడగొద్దు. చెప్పాలనిపిస్తే, బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడు వాళ్లే చెబుతారు.