కన్నుమూసిన గురువుగారి కోసం పాసకాలియా వాయించగలనా?

మీ గురువుగారు ఏళ్ళ తరబడి చర్చిలో ఆర్గాన్ వాయించి కన్నుమూశారు. ఆయన జ్ఞాపకార్థ కూడికలో ఆయనకు ప్రాణమైన బాఖ్ సి మైనర్ పాసకాలియా (ఒకే బాణీ మళ్ళీ మళ్ళీ వస్తుంటే దానిమీద సంగీతం మారుతూ పోయే ఆర్గాన్ కృతి) వాయించాలని మీకు ఉంది. చేతిలో రెండు నెలలే ఉన్నాయి, మధ్యలో తప్పు పోతుందేమోనని టెన్షన్. ఇదే కదా మీ ప్రశ్న? మా మాస్టారు పోయినప్పుడు నాదీ ఇదే పరిస్థితి, ఇదే కృతి.

ముందు ఒక మాట. ఇది మీరు ఇంతకుముందు కొంతైనా నేర్చుకుని ఉంటేనే రెండు నెలలు సరిపోతాయి. మొదటినుంచి మొదలుపెట్టాలంటే మాత్రం వద్దు. బాఖ్‌దే ఎఫ్ మైనర్ చిన్న కోరల్ ప్రెల్యూడ్ (చర్చి పాట బాణీ మీద అల్లిన కృతి) తీసుకోండి, బాఖ్ కృతుల జాబితాలో దాని నంబరు బి.డబ్ల్యు.వి. 639. నిడివి మూడు నిమిషాలే అయినా నిండు మనసుతో వాయిస్తే అదీ పెద్ద నివాళే.

పాసకాలియాకే సిద్ధపడితే, కష్టం మొదటి స్వరంలోనే ఉంది. ఎనిమిది బార్ల (తాళపు గడుల) థీమ్, అంటే మూల బాణీ, కాళ్ళతో నొక్కే పెడల్స్ మీద ఒంటరిగా మొదలవుతుంది. చేతులు ఒళ్ళో ఉంటాయి, హాలంతా మీ పాదాలే వింటుంది. ఆపైన ఆ థీమ్ మీద ఇరవై వేరియేషన్లు (మార్పులతో వచ్చే భాగాలు), చివర ఫ్యూగ్ (ఒకే బాణీని ఒకదాని వెంట ఒకటిగా అందుకునే స్వర వరుసల అల్లిక), మొత్తం 292 బార్లు. నేను మొదటి మూడు వారాలు ఎడమచేయి, పెడల్స్ మాత్రమే కలిపి సాధన చేశాను. రెండూ కింది స్వరాలే కాబట్టి ఎడమచేయి పాదం వెంట పోతుంది. ఆ జంట విడివడితే కుడిచేయి దానంతటదే కూర్చుంటుంది.

మాస్టారి ఇంట్లోవాళ్ళు ఆయన వాడిన ఈ కృతి స్వరాల పుస్తకం నాకిచ్చారు. పెడల్ వరుస నిండా పెన్సిల్ గుర్తులు. కాలి వేళ్ళకు టోపీలాంటి గుర్తు, మడమకు చిన్న గిన్నెలాంటి గుర్తు. గీతల పైన ఉంటే కుడికాలు, కింద ఉంటే ఎడమకాలు. ఒకచోట నాలుగైదుసార్లు చెరిపి రాసినందువల్ల కాగితం పలచబడిపోయింది. అంతటి మనిషి కూడా అక్కడ అన్నిసార్లు తడుముకున్నారని తెలిశాక నా భయం సగం పోయింది.

ఇంకో సంగతి. పియానోలా గట్టిగా నొక్కితే గట్టిగా పలికే వాద్యం కాదిది. కీ నొక్కి ఉంచినంతసేపూ పైపులోకి గాలి పోతూనే ఉంటుంది, స్వరం ఒకే తీరున నిలబడుతుంది. బాధనంతా వేళ్ళలోకి తెచ్చుకుని బాదినా వినేవాళ్ళకు అందదు. వాళ్ళకు అందేది, వేలు ఎప్పుడు తీశామన్నది. మాస్టారు నాకు పదేళ్ళు నేర్పింది ఇదే. ఒక్కో స్వరం మధ్య రవ్వంత ఖాళీ. హాల్లో ప్రతిధ్వని ఎక్కువైతే ఆ ఖాళీ ఇంకాస్త పెంచి, వేగం తగ్గించాలి. ఆర్గాన్ ముందు కూర్చుంటే అది తెలియదు కాబట్టి, ఎవరినైనా వెనక వరుసలో కూర్చోబెట్టి వినమనండి.

స్టాప్‌లు (ఏ పైపుల వరుస పలకాలో ఎంచే మీటలు) మార్చడానికి, పేజీలు తిప్పడానికి పక్కన ఒక మనిషి కావాలి. వాళ్ళతో కనీసం మూడుసార్లు మొత్తం వాయించి చూసుకోండి.

తప్పు పోతుందా అంటే, నాకు పోయింది. ఒక వేరియేషన్‌లో ఎడమకాలు ఒకేసారి రెండు పెడల్స్ మీద పడింది. ఆగలేదు. థీమ్ మళ్ళీ మళ్ళీ వచ్చేదే కదా, తర్వాతి ఎనిమిది బార్లలో దాన్ని పట్టుకుని ముందుకు పోయాను.

ఫ్యూగ్ చివర్లో ఒక కార్డ్ (కలిసి పలికే స్వరాల గుత్తి) దగ్గర బాఖ్ అన్నీ ఆపేస్తాడు. సి మైనర్‌లో ఎవరూ ఊహించని డి ఫ్లాట్ కార్డ్ అది. దాని పక్కన మాస్టారు పెన్సిల్‌తో "ఊపిరి" అని రాసుకున్నారు. ఆయన చేతిరాత చూస్తూ అక్కడ ఆగాను, కార్డ్ వదిలాక ధ్వని గోడలకు తగిలి పూర్తిగా సన్నగిల్లేదాకా. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కళ్ళు తుడుచుకోకుండానే మిగిలిన బార్లు వాయించాను. అవి చూడకుండా వచ్చేంతగా సాధన చేసి ఉండటమే నన్ను కాపాడింది. అందుకని చివరి పేజీని మీరు మొదటే కంఠతా పట్టండి. మీ గురువుగారి పుస్తకం ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి.